నడుస్తున్న సర్వర్‌ని ముట్టుకోకపోవడం సేఫ్టీ కాదు!

ఫోన్‌కి అప్‌డేట్ వస్తే రాత్రి ఛార్జింగ్ పెట్టి, ఇన్‌స్టాల్ నొక్కి పడుకుంటాం. పొద్దున లేచేసరికి కొత్త వెర్షన్ రెడీ. కానీ ఆ ఫోన్, అందులోని చిప్ తయారయ్యే ఫ్యాక్టరీల్లో చాలా కంప్యూటర్లు ఏళ్ల తరబడి పాత విండోస్ మీదే నడుస్తుంటాయి. ఎందుకని అడిగితే ఒకటే సమాధానం: "నడుస్తోంది కదా, ఎందుకు కెలకడం?"

ఇండస్ట్రియల్ సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఇంజినీర్‌గా ఆ భయం నాకు అర్థమవుతుంది. ఫోన్ రీస్టార్ట్ అయితే రెండు నిమిషాలు రీల్స్ ఆగుతాయి. అక్కడ సర్వర్ రీస్టార్ట్ అయితే ప్రొడక్షన్ లైనే ఆగొచ్చు. అయినా ముట్టుకోకుండా వదిలేయడం సేఫ్టీ కాదని నా అభిప్రాయం.

ఐఫోన్లకు ప్రాసెసర్లు తయారుచేసే తైవాన్ కంపెనీ టీఎస్‌ఎమ్‌సీనే చూడండి. వాన్నాక్రై వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. మేలో ఆ వైరస్ ప్రపంచాన్ని కుదిపేసింది. ఏడాది దాటాక, 2018 ఆగస్టులో, దాని వేరియంట్ టీఎస్‌ఎమ్‌సీ ఫ్యాక్టరీల్లో దూరింది. కొత్త మెషీన్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జరిగిన పొరపాటే కారణమని కంపెనీయే చెప్పింది. ఆ త్రైమాసికం ఆదాయంలో సుమారు 3 శాతం దెబ్బ పడుతుందని మొదట అంచనా వేసింది.

అలాగని వచ్చిన ప్రతి ప్యాచ్‌నీ కళ్లు మూసుకుని వేసేస్తారా? అదీ కుదరదు. పాత ఓపీసీ సర్వర్లు మెషీన్ల డేటాని వేరే కంప్యూటర్లకు పంపడానికి విండోస్‌లోని డీకామ్ మీద ఆధారపడతాయి. మైక్రోసాఫ్ట్ డీకామ్ సెక్యూరిటీని దశలవారీగా బిగించి, 2023 మార్చి నుంచి ఆఫ్ చేసే వీలు కూడా తీసేసింది. ముందే టెస్ట్ చేయని చోట అప్‌డేట్ పడగానే డేటా రావడం ఆగిపోవచ్చు.

మరి దారేంటి? అది మన ఫోన్లలోనే ఉంది. ఆండ్రాయిడ్ 7.0తో వచ్చిన ఏ/బీ అప్‌డేట్స్ గుర్తున్నాయా? కొత్త వెర్షన్ రెండో స్లాట్‌లో పడుతుంది, అది బూట్ అవ్వకపోతే ఫోన్ పాతదానికి వెళ్లిపోతుంది. ఫ్యాక్టరీలోనూ అదే పద్ధతి కావాలి. పాత సర్వర్‌ని కదపకుండా, పక్కన కొత్తది పెట్టాలి. కొన్నాళ్లు అది డేటాని చదవాలి అంతే. మెషీన్లకు కమాండ్లు పంపకూడదు. రెండింటి విలువలూ సరిపోలాకే, ప్లాంట్ షట్‌డౌన్ రోజున మార్చాలి. ఎన్ని గంటల్లోపు కుదరకపోతే వెనక్కి వెళ్లాలో ముందే రాసుకోవాలి.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. డేటాబేస్‌ని కొత్త ఫార్మాట్‌లోకి మార్చేస్తే పాత వెర్షన్ దాన్ని చదవలేకపోవచ్చు, కాబట్టి మార్చకముందే విడిగా కాపీ ఉండాలి. లైసెన్స్ యూఎస్‌బీ డాంగిల్‌లో ఉంటే, బ్యాకప్ ఇమేజ్ ఒక్కటే ఉండి లాభం లేదు.

ఇలాంటి ఉద్యోగంలో చేరే ఫ్రెషర్స్‌కి నేను చెప్పేది ఒక్కటే. "బ్యాకప్ ఉందా?" అని అడగకండి, అందరూ ఉందనే అంటారు. "చివరిసారి దాన్ని రీస్టోర్ చేసి చూసిందెప్పుడు?" అని అడగండి. తేదీ చెప్పలేకపోతే అప్‌గ్రేడ్ ఆపి, ముందు ఆ పని చేయండి.