తుక్కు వర్తకం: నిల్వ కన్నా గ్రేడింగే మిన్న

తుక్కు లోహాల వర్తకానికి పెద్ద పెట్టుబడి అక్కరలేదన్న మాట బజారులో తరచు వినిపిస్తుంది. ఖాళీ స్థలం, కాటా, చేతిలో కొంత రొక్కం ఉంటే చాలునని కొత్తవారు దిగుతారు. దిగడం సులువే. సరుకు పోగుచేసి ధర పెరిగేదాకా ఆగుదామనుకోవడంలోనే చిక్కు ఉంది. వచ్చిన సరుకును రకాలవారీగా వేరుచేసి, వెంటవెంటనే కదిలించడమే కొత్త వర్తకునికి క్షేమం.

ధర అతని చేతిలో లేదు. రాగి, అల్యూమినియం, సీసం ధరలు లండన్ మెటల్ ఎక్స్ఛేంజి ధోరణిని, రూపాయి మారకం విలువను అనుసరిస్తాయి. ఇనుప తుక్కు ధర ఫర్నేసుల గిరాకీని బట్టి నడుస్తుంది. 2008 జూలైలో టన్ను 8,000 డాలర్లకు పైన పలికిన రాగి ఆ డిసెంబరులో 3,000 డాలర్ల సరసకు దిగజారింది. పాత వర్తకులు నిల్వలు పెట్టి లాభించారు కదా అనవచ్చు. వారికి సొంత రొక్కం, మిల్లులతో ఏళ్ల పరిచయం ఉన్నాయి. వడ్డీకి తెచ్చిన డబ్బుతో నిల్వ పెట్టినవాడు అటువంటి పతనానికి తట్టుకోలేడు.

అతని చేతిలో ఉన్నది సరుకు నాణ్యత ఒక్కటే. తొడుగు ఒలిచిన మెరిసే రాగి తీగకు ఒక ధర, మసి పట్టిన తీగకు అంతకు తక్కువ. వైరును కాల్చి రాగి తీస్తే నాణ్యత పడిపోవడమే కాక, కాలుష్యం కేసు మెడకు చుట్టుకుంటుంది. అల్యూమినియంలో కరెంటు తీగ, వంటపాత్రలు, ఇంజను పోత భాగాలు వేర్వేరు రకాలు. కలగలిపి అమ్మితే మొత్తానికి తక్కువ రకం ధరే కడతారు. ఇనుప బోల్టులు మిగిలిపోతే ఆపైన తరుగు తీస్తారు.

స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అయస్కాంతం అంటకపోతే మేలు రకమేనని నమ్మరాదు. 304 రకంలో సుమారు 8 శాతం నికెలు ఉంటుంది. 200 శ్రేణిలో నికెలు తగ్గించి మాంగనీసు కలుపుతారు. సాధారణంగా రెండింటికీ అయస్కాంతం అంటదు, ధరలో మాత్రం వ్యత్యాసం హెచ్చు. ఈ తేడా తెలియక కొన్నవాడికి కాటా దగ్గరే నష్టం ఖాయం.

పన్ను లెక్క కూడా నిల్వకు అనుకూలంగా లేదు. 2024 అక్టోబరు 10 నుంచి జి.ఎస్.టి. నమోదు లేనివారి వద్ద తుక్కు లోహం కొంటే, నమోదైన కొనుగోలుదారే 18 శాతం పన్ను రొక్కంగా చెల్లించాలి. లక్ష రూపాయల సరుకుకు 18,000 రూపాయలు. అది తరువాత జమకు వచ్చేదే అయినా, సరుకు అమ్ముడుపోయేదాకా ఆ సొమ్ము ఇరుక్కున్నట్లే. నమోదైన వర్తకుల మధ్య కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే కొనేవారు 2 శాతం మినహాయించి మిగతాది చెల్లిస్తారు. ఈ పద్ధతి భారమని వర్తకులు అనడంలో నిజం లేకపోలేదు. అయితే పై వర్తకుడు పన్ను ఎగవేస్తే కొన్నవాడు ఇబ్బంది పడే బెడద దీనివల్ల కొంత తగ్గుతుందన్నది గమనార్హం.

ఎం.ఎస్.టి.సి. వంటి సంస్థల వేలంలో పెద్ద లాట్లు చూసి కొత్తవారు తొందరపడరాదు. అక్కడ సరుకు ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టుగానే అమ్ముతారు. స్వయంగా చూడకుండా పాడి, తరువాత నాణ్యత లేదని వాపోయి ప్రయోజనం లేదు. పాత బ్యాటరీలను దొడ్డిలో పగలగొట్టడం అసలే తగదు. సీసం విషం పనివారి ఒంటికి పడుతుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్లకే చేర్చాలి.

కనుక మొదటి పెట్టుబడి సరైన కాటాపైన, రకం గుర్తించగల పనివాడిపైన, పద్దులు రాసే గుమాస్తాపైన పెట్టడం మంచిది. సరుకు చేతులు మారుతున్నంతకాలం చిన్న మార్జినైనా వర్తకాన్ని నిలబెడుతుంది. గోడౌను తరువాత కట్టుకోవచ్చు.