పాత ఇనుముకు పంచాయతీ చీటీ

చేతిలో పైసా ఆడనప్పుడు ఇంట్లో ముందు కదిలేది అటక మీది పాత ఇనుమే. చెల్పూర్‌లో ఒకపక్క 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం. మరోపక్క రేకులకూ డబ్బాలకూ ఉల్లిగడ్డలు తూచే బండి. ఈ బతుకుతెరువును చిన్నచూపు చూడొద్దని నా మాట. ఇందులో విద్య ఉంది: అయస్కాంతానికి అతుక్కుంటే ఇనుము, లేకుంటే రాగో అల్యూమినియమో చూడాలి. కాలిన మోటారును గుండుగుత్తగా ఇనుము లెక్కన అమ్మినవాడు నష్టపోతాడు. వైండింగ్ విప్పి రాగి వేరుచేసినవాడికి కిలోకు ఎన్నో రెట్లు ధర. అయితే తీగల తొడుగు కాల్చొద్దు, కత్తితో ఒలవాలి. ఆ పొగ విషం. అసలు చిక్కు అనుమానం. పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ల రాగి ఎవరో దొంగిలిస్తారు, నిలదీసేది మాత్రం బండివాణ్ని. (టోకుగా కొన్న వ్యాపారిని అడిగేవాళ్లు తక్కువ.) 2016 ఘనవ్యర్థాల నియమాలు చెత్త ఏరేవాళ్లను గుర్తించమని పట్టణాలకు చెప్పాయి. చెల్పూర్ లాంటి ఊళ్లలోనూ పంచాయతీ ఒక గుర్తింపు కార్డు ఇచ్చి, తుక్కు దుకాణంలో ముద్ర వేసిన కాటా, కొన్న ప్రతి సరుకుకూ చీటీ తప్పనిసరి చేయాలి. దొంగ సరుకు ఎక్కడ ఆగిందో అప్పుడు ఆ చీటీలే చెబుతాయి.