గడువు ఎవరి చేతిలో తీరింది?

స్త్రీల హక్కుల పత్రికలో బండి రిపేరు గొడవేమిటని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. గేర్లు, గ్యారేజీలు మగవాళ్ల వ్యవహారంగా చెలామణీ అయ్యే సమాజంలో ఆ సందేహం సహజమే. అయితే బండి అప్పు స్త్రీ పేరున ఉండి, దాని గురించి మాట్లాడే అధికారం మాత్రం మగవాళ్లకే ఉన్నప్పుడు, జరిగే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో మనం ఆలోచించాలి.

సమస్య వినడానికి చిన్నదే. వారంటీ ఉండగానే బండిలో లోపం బయటపడుతుంది. డీలరుకు అప్పగిస్తాం. విడిభాగం రాలేదంటూ వాళ్లు రోజులు గడుపుతారు. ఈలోగా గడువు దాటిపోతుంది. అప్పుడు, "వారంటీ అయిపోయింది, డబ్బు కట్టి తీసుకెళ్లండి" అంటారు.

కొయ్యూరు మండలంలో పరిశోధన పని మీద తిరగడానికి నేను వాడే కారు విషయంలోనూ ఇదే జరిగింది. కంపెనీ సర్వీసు కావాలంటే కొండ దిగి మైదానానికి పోవలసిందే. గేర్‌బాక్సులో శబ్దం వస్తోందని రాయించి, గడువుకు పది రోజుల ముందే బండి అప్పగించాను. పంతొమ్మిది రోజులు ఉంచుకుని బిల్లు చేతిలో పెట్టారు. ఇదేమిటని అడిగితే, "సారుని ఒకసారి పంపించండి మేడమ్, ఆయనకు చెబుతాం" అన్నారు. కారు నా పేరున ఉంది, కొన్నది నా జీతంతో. జాబ్ కార్డు మీది తేదీ చూపించి, అభ్యంతరం కాగితం మీద రాసిచ్చాక విడిభాగం ఖరీదు వదులుకున్నారు. కూలి డబ్బు మాత్రం కట్టించుకున్నారు. బిల్లు మీద 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని రాసి కట్టాను.

డీలరు వాదనలో న్యాయం బొత్తిగా లేదనలేం. వారంటీ ఒక ఒప్పందం, దానికొక ఆఖరి తేదీ ఉంటుంది. ఆ తేదీ తర్వాత కొత్తగా పుట్టిన లోపానికి వాళ్లు బాధ్యులు కారు. కానీ గడువులోపలే చెప్పి, రాయించి, బండి అప్పగించిన లోపం సంగతి వేరు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 161వ సెక్షను ప్రకారం, అప్పగించిన వస్తువును తన తప్పు వల్ల సకాలంలో తిరిగి ఇవ్వనివాడు ఆ తర్వాత దానికి కలిగే నష్టానికి బాధ్యుడవుతాడు. తన ఆలస్యం వల్ల తీరిన గడువును తనకే లాభంగా వాడుకోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే సేవాలోపం కిందికి వస్తుందని మనం గట్టిగా వాదించవచ్చు. బండి రిపేరులో ఉన్నన్ని రోజులూ వారంటీ గడువు ఆగుతుందని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టం సూటిగానే చెబుతోంది. మన చట్టంలో అంత సూటైన మాట లేదు. ఆ ఖాళీలోనే డీలర్లు నిలబడి మాట్లాడుతున్నారు.

కారున్న ఉద్యోగిని గొడవ ఇంతటితో ముగుస్తుంది. ఆటో మీదో జీపు మీదో బతికే ఇంటి పరిస్థితి అలా కాదు. మన్యంలో సంతకు సరుకు వెళ్లాలన్నా, నిండు చూలాలిని ఆసుపత్రికి చేర్చాలన్నా చాలాచోట్ల ఆ బండ్లే ఆధారం. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ సంపాదన ఆగుతుంది, వాయిదా ఆగదు. అప్పు కాగితం మీద వేలిముద్రో సంతకమో ఆమెది; జాబ్ కార్డు మీద సంతకం నడిపేవాడిది. తగాదా వచ్చిన రోజున ఆమె మాట వినేవాళ్లుండరు.

పైగా ఇది వ్యాపార వాహనం, మీరు వినియోగదారులే కాదు అని దబాయిస్తారు. అది నిజం కాదు. కేవలం స్వయం ఉపాధితో జీవనోపాధి పొందడానికి కొన్నదాన్ని వ్యాపార ప్రయోజనంగా లెక్కించకూడదని చట్టమే వివరించింది. సొంతంగా నడుపుకోవడానికి ఆటో కొన్నవాడు వినియోగదారుడేననీ, ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదనీ సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో చెప్పింది. అయితే ఈ ఊహలో స్టీరింగు పట్టినవాడే యజమాని. అప్పు మోస్తూ స్టీరింగు పట్టని స్త్రీ ఆ ఊహలో ఇమడదు. ఇంటిల్లిపాదీ శ్రమతో నడిచే బతుకుతెరువు కూడా స్వయం ఉపాధేనని ఆమె తరఫున మనం వాదించి నిలబెట్టాలి.

ఇప్పటికి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. బండి ఎవరి పేరున ఉంటే వాళ్ల పేరునే జాబ్ కార్డు రాయించాలి. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, లోపం మన మాటల్లో ఉండాలి, నకలు మన దగ్గర ఉండాలి. గడువు దగ్గరపడుతుంటే డీలరుకూ కంపెనీకీ ముందే లేఖ రాయాలి. డీలరు చేసిన ప్రతి తప్పుకూ తయారీదారు బాధ్యుడు కాడని 2021లో ఒక కారు కేసులో సుప్రీంకోర్టు అన్నది కనుక ఫిర్యాదులో ఇద్దరినీ చేర్చడం మేలు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు, వకీలూ తప్పనిసరి కాదు. కొన్నచోటుకే పోనక్కరలేదు, మనం ఉండే చోటును బట్టి కూడా ఫిర్యాదు వేయవచ్చు. ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు.

ఫోను సిగ్నలే అందని కొండ ఊళ్లకు ఆన్‌లైన్ హక్కు అక్కరకు రాదు. జాబ్ కార్డు తెలుగులో ఉండాలనీ, ఏజెన్సీ మండల కార్యాలయాల్లో వినియోగదారుల ఫిర్యాదులు తీసుకోవాలనీ, సర్వీసులో ఉన్న రోజులను వారంటీలో లెక్కించకూడదని చట్టంలోనే రాయాలనీ మనం అడగాలి. మహిళా సంఘాల సమావేశాల్లో అప్పుల వాయిదాల గురించి ఎంత మాట్లాడుకుంటున్నామో, ఆ అప్పుతో కొన్న వస్తువు మీద మన హక్కు గురించీ అంత మాట్లాడుకోవాలి.