బూడిద సిమెంటుకు నీళ్ళు తగ్గించొద్దు

"స్లాబుకు బూడిద సిమెంటు వద్దప్పా, 53 గ్రేడే ఇయ్యి." హిందూపురంలో సిమెంటు అంగడి ముందు తరచూ వినపడే మాట ఇది. ధర్మవరంలోనూ అంతే. బూడిద అనగానే కల్తీ అనే అనుమానం జనంలో పాతుకుపోయింది. దానికి ఆధారం లేదు.

సిమెంటు నీళ్ళతో కలిసి గట్టిపడేటప్పుడు లోపల కొంత సున్నం కూడా పుడుతుంది. బలానికి దానివల్ల ఒరిగేది తక్కువ. నీరు ఊరేచోట మెల్లగా కరిగిపోయి సందులు మిగులుస్తుంది. థర్మల్ కేంద్రం బూడిదలోని సిలికా ఆ సున్నంతో కలిసి, సిమెంటు ఇచ్చే బంధాన్నే మళ్ళీ తయారుచేస్తుంది. సందులు పూడుకుపోతాయి, ఉప్పునీరు కమ్మీల దాకా చేరడం కష్టమవుతుంది. బూడిద కలిపిన సిమెంటు (పీపీసీ) బస్తాలో 15 నుంచి 35 శాతం బూడిద ఉండాలని భారతీయ ప్రమాణమే చెబుతోంది. ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే స్లాగైతే 70 శాతం దాకా కలపొచ్చు.

ఇది మనకు కొత్త విద్యా కాదు. తుంగభద్ర డ్యాం కట్టింది సున్నంలో, బూడిద లాగే పనిచేసే ఇటుక పొడి కలిపిన సుర్కీ గారతోనే. ఇక బూడిదకున్న గిరాకీ చూడాలంటే ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి వెళితే చాలు. అక్కడి నుంచి తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీకి బూడిద ఎవరు తోలాలన్న తగాదా 2024 నవంబరులో ముఖ్యమంత్రి దాకా వెళ్ళింది.

అసలు చిక్కు తడిపే నీళ్ళ దగ్గర. సున్నం పుట్టాకే బూడిద పని మొదలవుతుంది. ఆ పని వారాలు, నెలలు సాగుతుంది, అదీ తడి ఉన్నంతకాలమే. అందుకే కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ఇలాంటి సిమెంటుకు కనీసం 10 రోజులు తడపమంది, 14 రోజులైతే మేలంది. మన మేస్త్రీలు స్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్ళు బాగానే నిలుపుతారు. పిల్లర్ల సంగతే అన్యాయం. పొద్దున పైపుతో ఒకసారి కొట్టి వదిలేస్తే, పెనుకొండ ఎండకూ గాలికీ కాసేపట్లోనే తెల్లగా ఆరిపోతాయి. ఆరిన పైపొరలో బూడిద పని ఆగిపోతుంది. గుల్లగా మిగిలిన ఆ పొరలోంచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి దూరుతుంది. బూడిద కొంత సున్నాన్ని వాడేసుకుంది కాబట్టి కమ్మీలకు కాపుగా ఉండే క్షారమూ త్వరగా తగ్గుతుంది. తుప్పు పట్టి పెచ్చులూడే నాటికి నింద బూడిద మీద పడుతుంది.

వాన అంతంతమాత్రంగా పడే సీమలో రెండు వారాలు నీళ్ళు కొట్టమనడం తేలిక కాదు. ట్యాంకరు కొనుక్కునే ఇంటివాళ్ళకు అది నిజంగా భారమే. అయినా లక్షలు పోసి కట్టే ఇంటికి నీళ్ళ దగ్గర మిగుల్చుకోవడం నష్టం. పిల్లరుకు గోనెపట్టా చుట్టి తడిపి, పైన ప్లాస్టిక్ షీటు కప్పితే నీళ్ళ ఖర్చు బాగా తగ్గుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ముందే పరీక్ష చేయించాలి. కమ్మీలున్న కాంక్రీటుకు క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ప్రభుత్వ ఇళ్ళ అంచనాల్లోనూ, కాంట్రాక్టరుతో రాసుకునే కాగితంలోనూ ఎన్ని రోజులు తడపాలో, ఆ నీళ్ళ డబ్బు ఎవరిదో విడిగా రాయాలి. సెంట్రింగు విప్పే గడువు కూడా అక్కడే ఉండాలి. ఐఎస్ 456 ఇచ్చిన గడువులు బూడిద కలపని మామూలు సిమెంటుకు (ఓపీసీ) లెక్కగట్టినవి. పీపీసీ మొదట్లో నిదానం కాబట్టి, ఇంకొన్ని రోజులు ఆగమని ఇంజనీరు సంతకంతో రాసివ్వాలి.