తెర మీది పంతులు

జహీరాబాద్‌లో అల్లం బేరం జరిగేచోట రెండు నిమిషాలు నిలబడితే చాలు, మూడు భాషలు చెవిన పడతాయి. తెలుగులో మొదలైన ధర ఉర్దూలో దిగుతుంది. బీదర్ వైపు రైతు వస్తే కన్నడంలో కుదురుతుంది. వీళ్లలో ఎవరూ వ్యాకరణం చదివి మాట నేర్చినవాళ్లు కారు. అదే ఊళ్లో మా పక్కింటి అమ్మాయి ఫోన్ ముందు కూర్చుని ఇటాలియన్ నేర్చుకుంటోంది. పై చదువుకు ఇటలీ పోతుందట. అక్కడ పాఠాలు ఇంగ్లీషులో చెప్పినా, గది అద్దెకు అడగాలన్నా కూరగాయలు కొనాలన్నా ఇటాలియన్ కావాలి కదా.

ఆమె వాడే సాఫ్ట్‌వేర్ నిండా వీడియోలే. తెర మీద ఎవరో కాఫీ అడుగుతారు, బొమ్మ ఆగుతుంది, ఈమె ఆ మాట తిరిగి అనాలి. కుదిరితే పచ్చ గీత, లేకుంటే ఎర్ర గీత.

నిజానికి ఇటాలియన్ మన చెవికి మరీ పరాయిది కాదు. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. గద వేరు, గద్ద వేరు అని తెలిసినవాళ్లకు వాళ్ల ఒత్తులు కష్టం కావు: ‘పాలా’ అంటే పార, ‘పల్లా’ అంటే బంతి. నువ్వుకు ‘తూ’, మీరుకు ‘లేయ్’. పెద్దాయన్ని మర్యాదగా పలకరించినా మనకు మాత్రం నిద్ర లేపినట్టే వినిపిస్తుంది!

తెర చూసి ఇటాలియన్ నేర్చుకోవడం కొత్త సంగతేమీ కాదు. ఇటలీవాళ్లే అలా నేర్చుకున్నారు. 1861లో దేశం ఒక్కటైనా ఇళ్లల్లో ఎవరి యాస వాళ్లదే, చదువు రానివాళ్లు కోకొల్లలు. 1960 నుంచి 1968 దాకా అల్బెర్తో మాంజీ అనే బడిపంతులు అక్కడి ప్రభుత్వ టీవీలో పెద్దవాళ్లకు చదువు చెప్పాడు. పెద్ద కాగితం మీద బొగ్గుతో గబగబా బొమ్మ గీసి, దాని పక్కన అక్షరం పెట్టేవాడు. ‘సమయం ఎన్నడూ మించిపోదు’ అన్నది ఆ కార్యక్రమం పేరు. దాదాపు పదిహేను లక్షల మంది ప్రాథమిక పరీక్ష గట్టెక్కారంటారు. చాలామంది ఊళ్లో ఒకచోట గుంపుగా కూర్చుని, పక్కవాళ్లను అడుగుతూ చూసినవాళ్లే.

జహీరాబాద్ పక్కనే ఉన్న మన పస్తాపూర్ ఆడవాళ్లది ఇంకో దారి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, అక్షరం రానివాళ్లు, కెమెరా పట్టి విత్తనాల మీద, పంటల మీద సినిమాలు తీశారు. 2001లో వాళ్ల మీడియా ట్రస్టు, 2008లో మాచనూర్‌లో సంఘం రేడియో వచ్చాయి. కెమెరా కోణాలకు వాళ్లు వాళ్ల బతుకులోంచే పేర్లు పెట్టుకున్నారు. ఎదుటి మనిషిని కంటి ఎత్తునే చూపితే అది ‘సంఘం షాట్’. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఫోన్‌లో పాఠం చెప్పే ఆవిడ కూడా కంటి ఎత్తునే ఉంటుంది. కాకపోతే మనం ఎదురు ప్రశ్న వేస్తే నవ్వుతూ తర్వాతి పాఠానికి పోతుంది.

మొన్న ఆ అమ్మాయికి ‘నొన్నా’ దగ్గర మూడుసార్లు ఎర్ర గీత పడింది. ఇంగ్లీషు అక్షరాలు చూసి ఒత్తు తేల్చేస్తోంది. వడ్లు చెరుగుతున్న నానమ్మ అటు తిరిగి, విన్నది విన్నట్టు ‘నొన్నా’ అంది. పచ్చ గీత పడింది.

“ఏందే అది?” అని అడిగింది.

“నానమ్మ అని.”

“గట్లనా? మరి మూడుమాట్లు పిలిస్తివి, పలకకపోతిని” అని చాట పక్కన పెట్టి దగ్గరికొచ్చి కూర్చుంది.