ఆ బటన్ నొక్కే ముందు

పోయిన చలికాలంలో ఓ రాత్రి ఫోన్ మోగింది. మా ఊరి కుర్రాడు, ఇక్కడ ఎం.ఎస్. మొదటి ఏడాది. మంచు మీద జారిపడి కుడి మోచెయ్యి విరిగింది, ఆపరేషన్ కూడా అయిందట. "అన్నా, రెండు కోర్సులు డ్రాప్ చేసేస్తే సరిపోతుంది కదా?" అన్నాడు. "ముందు ఆ బటన్ ముట్టుకోకు" అన్నాను. నొప్పి ఎలా ఉందని అడగడం ఆ తర్వాతే గుర్తొచ్చింది.

యూనివర్సిటీ రిజిస్ట్రేషన్ పేజీకి చెయ్యి విరిగిన సంగతి తెలీదు. నొక్కితే కోర్సు తీసేస్తుంది, అంతే. ఎఫ్-1 విద్యార్థి లెక్క మాత్రం సెవిస్ అనే ఇంకో డేటాబేసులో ఉంటుంది. అనుమతి లేకుండా ఫుల్‌టైమ్ కన్నా తక్కువకి దిగితే స్టేటస్‌కే ముప్పు, కారణం ఎంత న్యాయమైనదైనా సరే. ముందు డాక్టర్ ఉత్తరం, అది చూసి ఇంటర్నేషనల్ ఆఫీసులో డి.ఎస్.ఓ. సెవిస్‌లో ఇచ్చే అనుమతి, ఆ తర్వాతే డ్రాప్. డాక్టర్ అవసరమంటే ఆ టర్ము అసలు కోర్సులే లేకుండా ఉండొచ్చు. ఒక డిగ్రీ స్థాయికి ఇలా మొత్తం 12 నెలల దాకా వీలుంది.

"నమ్ముతారా అన్నా?" ఇది వాడి రెండో ప్రశ్న.

ఆ అనుమానం వాడిది కాదు, మనందరిదీ. జె.ఎన్.టి.యు.లో హాజరు 75 శాతం ఉండాలి. 65 దాటితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి గట్టెక్కేవాళ్ళం. జ్వరమే ఎరగని వాళ్ళు టైఫాయిడ్ సర్టిఫికెట్లు తెచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. అందుకే ఎముక నిజంగా విరిగినా, అడగడమంటే మనకేదో మోసం చేస్తున్నట్టుంటుంది. నేనూ ఎం.ఎస్.లో మణికట్టు విరగ్గొట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాజెక్టు ఎడమ చేత్తో కొట్టి 'సి' తెచ్చుకున్నాను. "వచ్చి చెబితే ఇన్‌కంప్లీట్ ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు ప్రొఫెసర్, సెమిస్టర్ అయిపోయాక! ఇన్‌కంప్లీట్ అంటే సిలబస్ తగ్గదు, గడువు జరుగుతుంది. మనం రోజూ రాసే ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ లాంటిదే. దాన్ని దయాభిక్ష అనుకోవడం నాకు నచ్చదు.

డిసెబిలిటీ ఆఫీసు పేరు చెప్పగానే వాడు నొచ్చుకున్నాడు కూడా. "నేను వికలాంగుణ్ణి కాదన్నా." పేరుదేముంది? 1990 నాటి ఎ.డి.ఎ. చట్టం పరిధిని 2008లో విస్తరించారు. కొన్నాళ్ళ గాయమైనా, తీవ్రమైతే దాని కిందికి రావచ్చు. పరీక్షలో అదనపు సమయం, నోట్సు రాసిపెట్టే మనిషి, డిక్టేషన్ సాఫ్ట్‌వేర్ లాంటివి అడగొచ్చు. అయితే అయిపోయిన పరీక్షకి వెనక్కి వెళ్ళి వర్తింపజేయమంటే సాధారణంగా కుదరదు, అడిగేదేదో వెంటనే అడగాలి.

ఇలాంటి ఫోన్లు మీకూ వస్తాయి. దయచేసి "ఏం కాదులే తమ్ముడూ, మా రూమ్మేట్ కూడా అలాగే డ్రాప్ చేశాడు" అనకండి. ఆ రూమ్మేట్ ఏ ఏడాది, ఏ వీసా మీద ఉన్నాడో మీకూ సరిగ్గా గుర్తుండదు.

మావాడు మర్నాడే చేతికట్టుతో ఆఫీసుకి వెళ్ళాడు. అనుమతి వచ్చాక ఒక కోర్సు వదిలాడు. మిగిలినవాటికి ప్రోగ్రాములు నోటితో చెప్పి రాయించాడు. అర్ధరాత్రి దాకా "సెమికోలన్, సెమికోలన్" అని వినలేక, వాడి రూమ్మేట్ హాల్లోకి పక్క మార్చుకున్నాడట.