మెడ నాది, మీకెందుకు నొప్పి?

మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ మెడనొప్పికి ఒక చిత్రమైన గుణం ఉంది. ఆవిడ ఇంటిపని చేసుకుంటున్నంతసేపూ అది ఎవరికీ కనిపించదు. సరదాగా ఎటైనా వెళ్ళొస్తానంటే మాత్రం ఇంటిల్లిపాదికీ ఒక్కసారిగా కనిపించేస్తుంది!

నా మెడ సంగతే తీసుకోండి. ఎముకలు అరిగాయని డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పి ఎనిమిదేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళు తెలుగు పంతులమ్మగా దిద్దిన పరీక్ష పేపర్లు, నా ఎత్తుకి మరీ కిందకి కట్టిన వంటింటి గట్టు, ఒకే భుజానికి తగిలించుకుని మోసిన కూరల సంచీ, ఇవన్నీ కలిసి చేసిన నిర్వాకం అది. ఈ ఎనిమిదేళ్ళలో "వదినా, మెడ నొప్పి కదా, ఆ బియ్యం నేనేరిపెడతాను" అన్న మరిది లేడు. "అత్తయ్యా, ఈ సంక్రాంతికి అరిసెలు కొనేసుకుందాం" అన్న కోడలూ లేదు. పాపం, చెడ్డవాళ్ళు కారు. తట్టలేదు, అంతే.

అలాంటిది, "అక్టోబరులో మోటారు సైకిలు మీద ఒక్కదాన్నే నేపాలు వెళ్ళొస్తాను" అన్నానో లేదో, నా మెడకి ఎక్కళ్ళేని గౌరవమూ వచ్చేసింది. "ఆ మెడతోనా?" అన్నారు మావారు. మరిది బెంగుళూరు నుంచి ఫోను. ఎదురింటి పిన్నిగారయితే గుమ్మంలోనే నిలబడి, "పోనీ ఎవర్నయినా తోడు తీసుకెళ్ళమ్మా" అంది.

అక్కడ దొరికిపోయారు! తోడు వస్తే అరిగిన ఎముక పెరుగుతుందా? అంటే వీళ్ళ బాధ మెడ గురించి కాదు, "ఒక్కదాన్నే" అన్న మాట గురించి. ఆ మాట పైకి అంటే పాతకాలపువాళ్ళనుకుంటారేమోనని నా మెడని అడ్డం పెట్టుకున్నారన్నమాట.

ఇంకో రుజువు చెబుతాను. మా వీధిలోనే నడుంనొప్పులూ, మోకాళ్ళ నొప్పులూ ఉన్న ఆడవాళ్ళు యాత్రా స్పెషల్ బస్సులెక్కి ముక్తినాథ్ వెళ్ళొచ్చారు. రోజుల తరబడి కూర్చున్నచోటే కూర్చుని, కునికిపాట్లు పడుతూ, ప్రతి గతుక్కీ తల ఎగిరిపడుతూ! ఏ మెడకైనా ఇంతకన్నా శిక్ష ఉంటుందా? వాళ్ళని ఎవరూ ఆపలేదు. పసుపూ కుంకుమా ఇచ్చి సాగనంపారు. నన్నూ అంటున్నారు, "అంతగా వెళితే ముక్తినాథ్ అయినా చూసిరా, పుణ్యం" అని. నేను వెళ్ళను. పోఖరా దాటాక ఆ కొండదారి నా మెడకి పనికిరాదని నేనే కొట్టేశాను. పోఖరాలో ఫేవా సరస్సు ఒడ్డున కూర్చుని టీ తాగుతాను. దానికి పుణ్యం రాదుట. రాకపోతే పోనీండి.

"బండి మీద కూర్చుంటే మెడ పాడవుతుంది" అనేవాళ్ళకి ఒక లెక్క. న్యూయార్కులో కెన్నెత్ హన్స్‌రాజ్ అని వెన్నెముకకి ఆపరేషన్లు చేసే డాక్టరు 2014లో లెక్క కట్టాడు. తల నిటారుగా ఉంటే మెడ మీద పడే బరువు అయిదు కిలోలు. అదే 60 డిగ్రీలు వంచితే 27 కిలోలు! ఆయన పాపం సెల్‌ఫోను చూసుకునేవాళ్ళ కోసం కట్టాడు. మన బియ్యం చేటా, ముగ్గుగిన్నే ఆయన కంటపడి ఉండవు. నా బండి మీద నేను నిటారుగా కూర్చుంటాను. మరి ఏది ప్రమాదమో మీరే చెప్పండి.

అలాగని నొప్పి లేదని బుకాయించను. ఉంది. ఒక్కోరాత్రి తలగడ ఎటు పెట్టుకున్నా నిద్ర పట్టదు. అందుకే ఆరు నెలలుగా ఏర్పాట్లు చేసుకుంటున్నాను. బండి హ్యాండిలు కాస్త పైకీ, నా వైపుకీ జరిపించాను. గాలి నేరుగా తలకి కొట్టకుండా ముందు అద్దం పెట్టించాను. వదులు హెల్మెట్టయితే గాలికి ఊగి మెడని లాగేస్తుంది కనుక, సరిగ్గా పట్టేది, తేలికైనది వెతికి కొన్నాను. వీపు మీద సంచీ ఉండదు, సామానంతా బండే మోస్తుంది. పొద్దున్నా సాయంత్రం అరచేతిని నుదుటికి ఆనించి, తల కదలకుండా ఒత్తే వ్యాయామం చేస్తున్నాను. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. గంటకోసారి దిగి నడవాలనీ, చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు జారినా ఆ రోజుకి బండి ముట్టుకోకూడదనీ షరతులు పెట్టింది. ఇంతమందిలో నా మెడ గురించి నిజంగా ఆలోచించింది ఆ పిల్లొక్కతే. "వెళ్ళొద్దు" అని ఒక్కసారీ అనలేదు!

బండిని రైల్లో గోరఖ్‌పూర్ దాకా పంపించేస్తాను. పంపేముందు పెట్రోలంతా తీసెయ్యాలి లెండి. అక్కణ్ణించి సునౌలీ సరిహద్దు. మనవాళ్ళకి వీసా అక్కర్లేదు, మన లైసెన్సు చెల్లుతుంది. బండికి మాత్రం రోజుల లెక్కన "భన్సార్" రుసుము కట్టాలి. మొదటి రోజు తాన్సేన్‌తో సరి, అరవై పైచిలుకు కిలోమీటర్లే. వానల్లో బుట్వల్ దాటాక సిద్ధబాబా దగ్గర కొండరాళ్ళు దొర్లిపడతాయి. అందుకనే అక్టోబరు. ఇన్సూరెన్సు కాగితం, ఆ సన్నక్షరాలతో సహా చదివాను. ముందునుంచీ ఉన్న జబ్బుకీ, మోటారు సైకిలుకీ వర్తించకపోతే అది ఎందుకూ కొరగాదు.

"ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం?" అంటారేమో. ఉంది. ఇంగ్లండులో ఎల్స్‌పెత్ బియర్డ్ అనే ఆవిడ 1982లో ఒంటరిగా బయల్దేరి, మోటారు సైకిలు మీద ప్రపంచం చుట్టి 1984లో ఇల్లు చేరింది. దారిలో పడింది కూడా, లేచి వెళ్ళింది. అంత దూరమెందుకు, మన హైదరాబాదు నుంచే జయభారతి మరో ముగ్గురు ఆడవాళ్ళతో 2018లో వియత్నాం దాకా వెళ్ళొచ్చింది. వాళ్ళు వయసులో ఉన్నవాళ్ళు కదా అంటారు. నిజమే. ఆ వయసులో నేను పేపర్లు దిద్దుతున్నాను.

నాకు ఒళ్ళు మండేది మొగవాళ్ళ మీద కన్నా మన మీదే. "ఎందుకొచ్చిన గొడవ, విశ్రాంతి తీసుకోవే" అనేది మనమే. ఏ విశ్రాంతి? పడుకున్నా పప్పు మాడకుండా చూసుకునే విశ్రాంతేగా!

బుట్వల్ దగ్గరే చెయ్యి తిమ్మిరెక్కొచ్చు. ఎక్కితే ఆ పూటకి ఆగిపోతాను, తగ్గకపోతే వెనక్కే వచ్చేస్తాను. "మేం ముందే చెప్పలేదూ?" అనడానికి మా మరిది ఇప్పట్నించీ సిద్ధంగానే ఉన్నాడు, అననివ్వండి. ఈలోగా నా మెడ మీద అంత బెంగ పెట్టుకున్న మావారు ఆ కూరల సంచీ పట్టుకుని బజారుకెళ్ళొస్తే బావుణ్ణు. గుమ్మం పక్కనే కొక్కేనికి వేళ్ళాడుతోంది.